ఊరి బయట నిలబడి చదివిన కథలు

ఫాంటసీ కథల్లో ఒక ఊరు మళ్ళీ మళ్ళీ వస్తుంటది. పేరు మారుతుంది గానీ ఊరు మాత్రం అదే. కొండల నడుమనో, అడవి నడుమనో, సముద్రం నడుమనో ఉంటది. పంటలు విరగపండుతాయి. జనం మంచోళ్ళు. ఆకలి ఉండదు, యుద్ధం ఉండదు, ఒక్కోచోట ముసలితనం కూడా ఉండదు. బయటి లోకంలో ఏం జరుగుతుందో వాళ్ళకి తెలీదు. తెలుసుకోవాలని కూడా ఉండదు. బయటి నుంచి ఏదో ఆపద ఆ ఊరి మీదికి వచ్చినప్పుడు కథ మొదలవుతుంది. ఆపద తీరిపోయి ఊరు మళ్ళీ ఎప్పటిలా అయితే కథ అయిపోతుంది. చదివినవాడు తృప్తిగా పుస్తకం మూస్తాడు.

నాకు ఆ తృప్తి ఎప్పుడూ కలగలేదు. ఎందుకంటే నేను పుట్టింది ఊళ్ళో కాదు, ఊరి బయట. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే పెద్ద కులాలోళ్ళు, వాళ్ళని అంటిపెట్టుకున్న చేతిపనులోళ్ళు ఉండేది. పల్లె అంటే మేం ఉండేది. "మీదే ఊరు?" అని ఎవరన్నా అడిగితే ఊరి పేరే చెప్తాం. అడిగినోడు అక్కడితో ఆగడు. "ఊళ్ళోనా, పల్లెలోనా?" అంటాడు. ఆ రెండో ప్రశ్నలోనే మా సంగతంతా ఉంది.

కథల్లో బయటి లోకమంటే ఏడు కొండలు, ఏడు నదులు దాటి యాడనో ఉంటది. మా ఊరికి బయటి లోకం డొంక దాటితే ఉంది. ఆ బయటి లోకం మేమే. ఊరు చల్లగా ఉండాలంటే దూరంగా పెట్టాల్సింది మమ్మల్నే. అదే ఊరు చల్లగా ఉండాలంటే పొద్దున్నే పిలవాల్సిందీ మమ్మల్నే. అట్టాంటి చోట పుట్టినోడు ఈ కథలు చదివితే గోడ లోపలి మనుషులతో కలిసి భయపడలేడు. గోడ బయట ఎవరున్నారో ముందు చూస్తాడు.

కొంతమంది తమ కోసం ఒక చల్లని చోటు చేసుకుని, తలుపులు వేసుకుని బతకడం న్యాయమేనా? ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు? నేనిక్కడ అడిగేది ఇంతే. ఇది పుస్తకాల గొడవ అని కొట్టిపారెయ్యొద్దు. ఈ ప్రశ్న ఈ మధ్య మా కాలనీలో ఒక గోడ దగ్గరికి వచ్చి ఆగింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

హాస్టల్లో ఉన్నప్పుడు మాకు దొరికిన ఫాంటసీ చందమామ ఒక్కటే. అట్ట ఊడిపోయి, సగం పేజీలు లేని పాత సంచికలు. ఒకడు చదువుతుంటే పదిమందిమి వినేవాళ్ళం. రాజు, రాజుగారి కోట, కోట చుట్టూ అగడ్త. నేను చదివిన ఆ కథల్లో చెప్పులు ఉండేవి గానీ కుట్టినోడు ఉండడు. చచ్చిన గుర్రం ఉండేది గానీ ఈడ్చినోడు ఉండడు. అప్పుడు అది తప్పని అనిపించలేదు. రాజుల కథల్లో మనమెందుకుంటాం అనుకునేవాళ్ళం.

1990లో యూనివర్సిటీలో చేరినాక లైబ్రరీలో టోల్కీన్ దొరికాడు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955ల్లో మూడు భాగాలుగా అచ్చయిన నవల. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. అందులో షైర్ అని ఒక సీమ ఉంటది. హాబిట్లనే పొట్టి మనుషులు అక్కడ గుట్టలు తొలిచి ఇళ్ళు కట్టుకుని ఉంటారు. దొరికితే రోజుకి ఆరుసార్లు తింటారు. పొగాకు పండిస్తారు, తాగుతారు. మాదీ పొగాకు జిల్లానే కాబట్టి అక్కడ కాసేపు ఆగాను. ఆకు కోసేవాళ్ళు, కర్రలకి అల్లేవాళ్ళు, బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు మంట చూసేవాళ్ళు యాడన్నా కనపడతారేమోనని చూశాను. కనపడలేదు. తాగేవాళ్ళే కనపడ్డారు.

అయితే టోల్కీన్ ఒక నిజం దాచలేదు. షైర్ అంత చల్లగా ఉండటానికి కారణం హాబిట్ల మంచితనం కాదు. వాళ్ళ పొలిమేరల్లో రేంజర్లని కొంతమంది రాత్రింబగళ్ళు తిరుగుతుంటారు. మాసిన బట్టలు, బురద కాళ్ళు. చీకట్లో వచ్చే దుర్మార్గాన్ని వాళ్ళు అడ్డుకుంటారు. లోపలి హాబిట్లకి వాళ్ళు ఉన్నారన్న సంగతే తెలీదు. పక్క ఊరి పూటకూళ్ళ యజమానికి తెలుసు గానీ అతను వాళ్ళని దేశదిమ్మర్ల కింద జమకట్టి అనుమానంగా చూస్తాడు. ఆ రేంజర్ల పెద్ద ఆరగార్న్ ఒకచోట ఈ మాటే చెప్తాడు. తాము కాపాడే జనమే తమని తక్కువ చేసి మాట్లాడతారంటాడు. ఆ జనం అట్టా ఏమీ తెలీకుండా ఉండాలంటే తాము చాటున ఉండక తప్పదని కూడా అంటాడు.

ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. మా తాత ఊరి వెట్టి. ఊరి పొలిమేర రాళ్ళు యాడున్నాయో కరణానికి కాగితం చూస్తే గానీ తెలీదు, మా తాతకి కాళ్ళకి తెలుసు. కోతలైనాక కుప్పల దగ్గర, కల్లాల దగ్గర రాత్రంతా కాపలా ఉండేవాడు. దొంగలొస్తే ముందు దెబ్బ తినేది ఆయన. ఏదన్నా పోతే ముందు అనుమానం కూడా ఆయన మీదే. ఊళ్ళో ఎవరన్నా చస్తే కబురు మోసుకుని పది మైళ్ళు నడిచేవాడు. వానలో, ఎండలో. దానికి కల్లంలో మేర కొలిచేవాళ్ళు. కొలిచేటప్పుడు ఆయన ఒళ్ళో పట్టిన గుడ్డలోకి పైనుంచి పోసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. ఊరికి కాపలా కాసిన మనిషి ఊరి బావిలో నీళ్ళు చేదుకోకూడదు.

మా నాయనమ్మ అనేది: "మీ తాత మేలుకుంటేనే గదరా వాళ్ళకి నిద్ర. ఆ నిద్రలో కలలన్నీ వాళ్ళయి."

ఆరగార్న్‌కీ మా తాతకీ ఒక తేడా ఉంది. ఆరగార్న్ నిజానికి రాజు. రాజవంశపు రక్తం. మాసిన బట్టల కింద ఆ రక్తం ఉంది కాబట్టి మూడో భాగంలో కిరీటం వస్తది. అప్పుడు అందరూ మోకరిల్లుతారు. మా తాత బట్టల కింద మా తాతే ఉన్నాడు. పొలిమేర కాసినోడికి గౌరవం దక్కాలంటే వాడు మారువేషంలో ఉన్న రాజై తీరాలా? కాపలా కాసిన పనికి గౌరవం లేదా? గొప్ప నవలే, కాదనను. కానీ ఈ ప్రశ్న దగ్గర ఆ నవల కూడా ఊళ్ళోకే పోయింది, పల్లెలోకి రాలేదు.

ఇంకో సంగతి. చివర్లో హాబిట్లు యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి షైర్ పాడైపోయి ఉంటది. చెట్లు కొట్టేశారు, ధాన్యం ఊడ్చుకుపోయారు. బయటి రౌడీలు తిరుగుతున్నారు. వాళ్ళని పిలిచిందెవరంటే లోపలోడే. బాగా ఆస్తి ఉన్న ఒక హాబిట్. ఇంకా కూడబెట్టాలన్న ఆశతో పొగాకు బయటికి అమ్మి, మనుషుల్ని తెచ్చుకుని, నాయకుడై కూర్చుంటాడు. ఆపద బయటి నుంచే వస్తదని నమ్మే ఊరు లోపలోణ్ణి కనిపెట్టలేదు. టోల్కీన్ రాసిన వాటిల్లో నాకు ఎక్కువ నిజమనిపించింది ఈ భాగమే.

ఆ తర్వాత షాంగ్రి-లా కథ చదివాను. జేమ్స్ హిల్టన్ అనే ఇంగ్లీషాయన 1933లో 'లాస్ట్ హొరైజన్' అనే నవలలో కల్పించిన చోటు అది. టిబెట్ వైపు మంచుకొండల్లో ఒక బౌద్ధ మఠం. అక్కడ ఉండేవాళ్ళు వందల ఏళ్ళు బతుకుతారు. పుస్తకాలు, సంగీతం, ప్రశాంతత. లోకమంతా యుద్ధంలో కాలిపోయినా మంచివన్నీ అక్కడ భద్రంగా ఉంటాయని ఆ నవల ఆశ. అంతా బాగానే ఉంది. కానీ మఠం కొండ మీద, సేద్యం చేసేవాళ్ళు కింద లోయలో. లోయలో బంగారం ఉంది. ఆ బంగారంతో బయటి నుంచి సరుకులు తెప్పించుకుంటారు. మోసుకొచ్చేవాళ్ళు కనుమ అవతలే ఆగాల, లోపలికి రాకూడదు. వందల ఏళ్ళు బతికే వరం ఎవరికి బాగా పనిచేస్తదో పెద్ద లామా వివరంగా చెప్తాడు. యూరప్‌వాళ్ళకి బాగా పనిచేస్తదట. అక్కడే పుట్టి పెరిగిన టిబెట్‌వాళ్ళకి అంతగా పనిచెయ్యదట. ఆ పెద్ద లామా కూడా యూరప్ నుంచి వచ్చినాయనే.

సేద్యం కిందోడిది, బంగారం కిందోడి నేలది, ఆయుష్షు మాత్రం పైవాడిది. ఇది చదివి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మా వైపు అగ్రహారాలు ఇట్టాగే ఉండేవి. ఈ కలకి ఇప్పటికీ గిరాకీ ఉంది. చైనా ప్రభుత్వం 2001లో ఝాంగ్‌దియన్ అనే ప్రాంతానికి షాంగ్రి-లా అని పేరు మార్చింది. యాత్రికులు వస్తారని.

ఈ రెండు కథల్లో దాచిపెట్టినదాన్ని బయటపెట్టిన కథ ఒకటుంది. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1973లో ఒమెలాస్ అనే పట్నం గురించి రాసింది. నాలుగైదు పేజీల కథ. పండగ రోజు, గుర్రాలు, గంటలు, సంతోషం. తర్వాత ఆమె మనల్ని ఒక నేలమాళిగలోకి తీసుకుపోతుంది. అక్కడ ఒక పిల్ల. మగో ఆడో చెప్పదు. తన పెంటలో తనే కూచుని ఉంటది. రోజుకి అరగిన్నె తిండి. ఎవ్వరూ ఒక మంచి మాట కూడా ఆ పిల్లతో మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ పట్నం సంతోషమంతా కూలిపోతది. ఇదీ ఒప్పందం. పట్నంలో ప్రతివాళ్ళకీ ఈ సంగతి తెలుసు. చిన్నతనంలో తెలిసి ఏడుస్తారు, తర్వాత సర్దుకుంటారు. కొద్దిమంది సర్దుకోలేక ఒంటరిగా పట్నం వదిలి నడిచిపోతారు.

ఈ కథ చదివి చాలామంది మేధావులు కదిలిపోయారు. ఉండిపోతావా, నడిచిపోతావా అని చర్చలు చేశారు. నేను దీన్ని చదివింది నేలమాళిగలో నుంచి. కాబట్టి నాకు వచ్చిన ప్రశ్న వేరు. నడిచిపోయినోడి మనస్సాక్షి శుభ్రమైంది. పిల్ల సంగతేంది? తలుపు తీసినోడు ఒక్కడన్నా ఉన్నాడా? మా ఊళ్ళోనూ మంచి బాపనాయన ఒకాయన ఉండేవాడు. ఇదంతా పాపమనేవాడు. ఊరు వదిలి పట్నం పోయాడు. మా బావి మా బావే, వాళ్ళ బావి వాళ్ళ బావే. కాలం తర్వాత నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ 2018లో ఒక కథ రాసింది. ఉండి పోరాడేవాళ్ళు అని పేరులోనే జవాబు పెట్టింది. ఆ పేరు చూడగానే ఈమె మనమనిషి అనుకున్నాను.

లెగ్విన్ కథ కొత్తగా ఉందని అందరూ అంటారు. మనకి కొత్త కాదు. రామరాజ్యం ఏంది మరి? ఆకలి లేదు, రోగం లేదు, అకాల మరణం లేదు అని చెప్పిన రాజ్యం. అందులో ఒక బాపన పిల్లాడు చనిపోతే, ఎక్కడో ఒక శూద్రుడు తపస్సు చేస్తున్నాడు కాబట్టి ఇట్టా అయిందన్నారు. రాముడు పోయి శంబుకుడి తల నరికాడు. పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఉత్తరకాండలో ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబుకవధ నాటకం రాసి దీని మీద తెలుగువాళ్ళని నిలదీశాడు. ఒమెలాస్‌లో పిల్లని కొట్లో పెట్టారు, రామరాజ్యంలో తపసిని నరికారు. రెండు చోట్లా ఒప్పందం ఒకటే. అయితే ఒమెలాస్‌లో జనం దాన్ని చూసి కనీసం ఏడ్చారు. ఇక్కడ పై నుంచి పూలు కురిశాయి.

ఫాంటసీ ఏదో పిల్లల పుస్తకాల్లోనే ఉందనుకోవద్దు. మన దేశంలో పెద్ద ఫాంటసీ పల్లెటూరు. 19వ శతాబ్దంలో చార్లెస్ మెట్‌కాఫ్ అనే ఇంగ్లీషు దొర, మన గ్రామాలు చిన్న చిన్న గణరాజ్యాలని, రాజులు మారినా ఇవి మారవని, బయటి లోకంతో వీటికి పనిలేదని మెచ్చుకున్నాడు. మన దేశభక్తులు ఆ మాట పట్టుకున్నారు. షైర్‌కి ఖద్దరు తొడిగారు. రాజ్యాంగానికి పునాది గ్రామం కావాలన్నారు. 1948 నవంబర్ 4న అంబేద్కర్ రాజ్యాంగ సభలో లేచి, మెట్‌కాఫ్ పేరు ఎత్తి మరీ, ఆ కలని చింపేశాడు. ఇన్ని రాజులు మారినా బతికింది నిజమే, ఎట్టాంటి బతుకు బతికిందో చెప్పమన్నాడు. గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ గుంట అని తేల్చాడు. వ్యక్తిని పునాది చేశాడు. షైర్‌ని పొలిమేర బయట నుంచి చూసిన మనిషి ఇచ్చిన తీర్పు అది.

ఇక్కడ దాకా చెప్పడం తేలిక. గోడలన్నీ చెడ్డవి, పగలగొట్టండి అని కేకేసి ముగించొచ్చు. కానీ మన చరిత్ర అట్టా ముగించనివ్వదు.

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగుర్ని చంపారు. ఆడోళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినోళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు. చీరాల్లోనే ఇళ్ళు కట్టుకున్నారు, విజయనగర్ కాలనీ అని. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడినుంచీ తెనాలికి పరుగులే. ఆ మనుషులకి గోడ వద్దని చెప్పే నోరు ఎవడికుంది? వాళ్ళ కాలనీ ఒక చల్లని చోటే. బయటి లోకం నుంచి దాక్కున్న చోటే. వాళ్ళ బయటి లోకం నిజంగా గొడ్డళ్ళు పట్టుకుని వచ్చింది.

అంబేద్కర్ గ్రామాన్ని తిట్టి ఊరుకోలేదు. 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంటరానోళ్ళకి వేరే గ్రామాలు కావాలన్నాడు. ప్రభుత్వ బంజర్లలో వాళ్ళని స్థిరపరచడానికి ఒక సెటిల్‌మెంట్ కమిషన్ పెట్టాలన్నాడు. ఊరి పక్క పల్లెగా కాదు, సొంత ఊరుగా. అదీ ఒక కలే. కానీ ఆ కలలో ఎవరి పిల్లా నేలమాళిగలో లేదు. ఒకరి కింద బతకాల్సిన పని లేకుండా ఉండటానికి కన్న కల అది.

అట్టాగే ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. 1970లో వచ్చింది. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదంటది. అదీ గోడే. చట్టంతో కట్టిన గోడ. దాన్ని పగలగొట్టడానికి లోకమంతా ఎందుకు తయారుగా ఉందో మనకి తెలుసు. టోల్కీన్ కూడా తన నవల అనుబంధంలో ఇట్టాంటి మాట రాశాడు. రాజైన ఆరగార్న్ షైర్‌లోకి పెద్ద మనుషులు అడుగుపెట్టకూడదని శాసనం చేస్తాడు. తను పెద్ద మనిషే కాబట్టి రాజై ఉండి కూడా వంతెన దగ్గరే ఆగుతాడు. బలమున్నోడు తనకి తాను పెట్టుకున్న హద్దు అది. అట్టాంటి గోడకి నేను దణ్ణం పెడతాను.

మరి గోడ కట్టుకున్న బలహీనుడు బలవంతుడైతే? ఈ ప్రశ్న వకాండా కథ వేసింది. 1966లో అమెరికా కామిక్ పుస్తకాల్లో పుట్టిన ఆఫ్రికా దేశం అది. 2018లో 'బ్లాక్ పాంథర్' సినిమాతో ప్రపంచమంతా చూసింది. తెల్లోళ్ళు ఎన్నడూ జయించలేని నల్లోళ్ళ రాజ్యం. అద్భుతమైన లోహం, అద్భుతమైన విద్య. అదంతా దాచిపెట్టి బయటికి పేద దేశంలా కనపడతారు. కళ్ళు చెమ్మగిల్లాయి నాకు ఆ సినిమా చూస్తుంటే. మనోళ్ళకీ ఇట్టాంటిది ఒకటుంటే అనిపించింది. అంతలో ఆ దేశపు రక్తమే అయి, అమెరికా మురికివాడలో దిక్కులేకుండా పెరిగిన ఒకడు వస్తాడు. వాణ్ణి పిల్లాడిగా ఉన్నప్పుడు అక్కడే వదిలేసి పోయింది వకాండా రాజే, రహస్యం బయటపడకూడదని. మనవాళ్ళు లోకమంతా బానిసలై చస్తుంటే మీరు యాడున్నారని వాడు సభలో నిలబడి అడుగుతాడు. వాడు చేసిన పనులు తప్పు. అడిగిన ప్రశ్న తప్పు కాదు. చివరికి రాజు కూడా పెద్దలు చేసింది తప్పని ఒప్పుకుని తలుపులు తెరుస్తాడు. ఆ కుర్రాడు ఒమెలాస్ పిల్లే. పెరిగి పెద్దయి, తలుపు తోసుకుని వచ్చింది.

ఇప్పుడు మా కాలనీ గోడ సంగతి చెప్పొచ్చు.

టౌన్లో మాకు ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు కాదు. ఇంటిపేరు అడిగి, పోస్టింగ్ అడిగి, చివరికి చుట్టాలొస్తున్నారని చెప్పేవాళ్ళు. అందుకని ఉద్యోగాలొచ్చిన మావాళ్ళం టౌను చివర కాలవగట్టు పక్కన ప్లాట్లు కొనుక్కున్నాం. అరవై ఇళ్ళయినాయి. అంబేద్కర్ బొమ్మ పెట్టుకున్నాం. ఒక చిన్న లైబ్రరీ. సాయంత్రం ఆడోళ్ళు వీధిలో కుర్చీలేసుకుని కూచుంటారు. ఎవడో వచ్చి లేవమంటాడనే భయం లేదు. మా తరం కన్న చల్లని చోటు అది.

పడమర కాలవగట్టు మీద యానాదుల గుడిసెలున్నాయి, పదిహేనో ఇరవయ్యో. వాళ్ళు మా వీధుల్లోంచే రోడ్డు మీదికి పోవాల. మా మలుపులో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. ఈ మధ్య పడమర వైపు గోడ కట్టాలని, గేటు పెట్టాలని మాటొచ్చింది. మా తమ్ముడే ముందు నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు పుస్తకాలు చదివి మాట్లాడతన్నావ్," అన్నాడు. "మోటారు వైరు పోయింది. సైకిలు పోయింది. రేపు పిల్లలకేమన్నా అయితే? మనం పడ్డయి మన పిల్లలు పడకూడదనే గదా ఇక్కడికొచ్చాం?"

"వైరు వాళ్ళే తీశారని ఎవరు చూశారు?" అన్నాను.

"ఇంకెవరు తీస్తారు?"

ఆ మాట విన్నప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఏదన్నా పోతే ముందు ఎవరి మీద అనుమానమో ఆ రోజుల్లోనూ ఇట్టాగే తేలేది.

మా కాలనీలో ఒక పెద్దామె ఉంది. వరసకి నాకు అత్త. వాళ్ళ ఊళ్ళో గొడవలైనప్పుడు పిల్లల్ని చంకనేసుకుని పొలాలకి అడ్డంబడి వచ్చిన మనిషి. ఆమె అంది: "నువ్వు చెప్పేది నాకు అర్థమైద్ది నాయనా. రాత్రిపూట తలుపు చప్పుడైతే ఇప్పటికీ నా గుండె ఆగుద్ది. నాకు గోడ కావాల."

ఆమెకి ఎదురు చెప్పడం నా వల్ల కాదు. ఆ భయం నిజం. అందుకే ఆమెని ఒకటే అడిగాను. "అత్తా, ఆ రోజు నిన్ను తరిమినోళ్ళు ఎవురు? యానాదోళ్ళా?" ఆమె తల అడ్డంగా ఊపింది. దెబ్బ వచ్చిన దిక్కు తూర్పు, ఊరి దిక్కు. అటువైపు గోడ కట్టాలని మా కాలనీలో ఒక్కరూ అనలేదు. అటు షోరూములున్నాయి, బడి ఉంది, పెళ్ళి మండపం ఉంది. గోడ కట్టేది మనకన్నా పేదోడున్న దిక్కున. భయం ఒకడిది, గోడ ఇంకొకడి మీద. ఊరు మాకు చేసింది సరిగ్గా ఇదే.

ఇన్ని కథలు చదివినాక నాకు తేలింది పెద్ద వేదాంతమేం కాదు. గోడని లోపల నిలబడి చూస్తే ప్రతి గోడా రక్షణే. షైర్ వాళ్ళకీ, షాంగ్రి-లా వాళ్ళకీ, ఊళ్ళోళ్ళకీ, మా తమ్ముడికీ. కాబట్టి గోడ మంచిదో చెడ్డదో లోపలోణ్ణి అడిగితే తెలీదు. బయటికి పోయి చూడాల. ఆ గోడ ఎవడి దెబ్బని ఆపుతుంది, ఎవరి దారిని ఆపుతుంది? దెబ్బని ఆపే గోడ ఉండాల. చీరాల కాలనీ ఉండాల, ఏజెన్సీ చట్టం ఉండాల. నీళ్ళకి పొయ్యేవాళ్ళ దారిని ఆపే గోడ ఉండకూడదు, దాన్ని కట్టింది ఎవరైనా సరే, దాని పక్కన ఎవరి బొమ్మ ఉన్నా సరే. ఇంకొకటి కూడా చూడాల. లోపలి సుఖానికి బయట ఎవరో ఒకరు మేలుకునో, మోసుకొచ్చో, నేలమాళిగలో కూచునో ఉండాల్సొస్తే అది ఆశ్రయం కాదు, ఊరు.

మనకి మన సొంత ఫాంటసీ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కాశీలో చెప్పులు కుట్టుకుని బతికిన రవిదాసు బేగంపుర అని ఒక పట్నాన్ని కలగన్నాడు. దుఃఖం లేని పట్నం. ఆ పాట గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉంది. పన్ను లేదు, భయం లేదు, ఒకటో రకం రెండో రకం మనుషులు లేరు. నేను ముఖ్యమనుకునేది ఏందంటే, ఆ పాటలో కోటగోడ లేదు. జనం తమకి ఇష్టమైన చోటికి తిరుగుతారని, ఎవరూ వాళ్ళని అడ్డగించరని ఉంది. పుట్టినప్పట్నుంచీ దారికి అడ్డం నిలబడే మనుషుల్ని చూసినోడే స్వర్గమంటే అడ్డంలేని దారి అని చెప్పగలడు. హిల్టన్‌కి ఆ ఆలోచన రాలేదు. ఆయనకి స్వర్గమంటే ఎవరూ రాలేని చోటు. రవిదాసుకి స్వర్గమంటే ఎవరైనా పోగల చోటు.

మా పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషులో ఈ పుస్తకాలన్నీ చదువుతున్నారు, సినిమాలన్నీ చూస్తున్నారు. వాళ్ళు రాసే రోజు వస్తది. రేంజర్ చెప్పిన షైర్ కథ, కనుమ అవతల బరువు దించి కూచున్న మోతగాడు చెప్పిన షాంగ్రి-లా కథ, శంబుకుడు చెప్పిన రామరాజ్యం కథ రావాల. వాటితో పాటు కాలవగట్టు మీద యానాది పిల్ల చెప్పిన మా కాలనీ కథ కూడా వస్తది. అందులో మనం ఎట్టా కనపడతామో అది మన చేతుల్లోనే ఉంది.

వచ్చే నెల మా కాలనీ మీటింగుంది. గోడకి చందా ఎంత అని లెక్కలేస్తున్నారు. నేను చందా ఇస్తానని చెప్పాను, గోడకి కాదు. గట్టు మీద వాళ్ళకి ఇంకో కుళాయి వెయ్యడానికి. మా తమ్ముడు ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.